బోరు నీళ్లు, నూకల పానకం, నల్ల బూజు: ఒక నిమ్మ ఉప్పు ప్రాజెక్టు డైరీ

జూన్ 20

చండీగఢ్‌లోని ఎంటీసీసీ సూక్ష్మజీవుల నిల్వ కేంద్రం నుంచి మేము కోరిన శిలీంధ్రం ఈ మధ్యాహ్నం నెల్లూరులోని మా కళాశాల ప్రయోగశాలకు చేరింది. చిటికెన వేలంత గాజు గొట్టం, కరిగించి మూసిన మూతి, అడుగున చిటికెడు ఎండు పొడి. ఆ పొడిలో నిద్రపోతున్నది ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే నల్ల బూజు. ఈ ఏడాది నేనూ, ఇద్దరు ఎమ్మెస్సీ విద్యార్థులూ కలిసి చేయదలచిన పని ఇది: రైసుమిల్లుల్లో మిగిలే నూకలను చక్కెర పానకంగా మార్చి ఈ బూజుకు మేతగా పెట్టి సిట్రిక్ ఆమ్లం, అంటే మన వంటిళ్లలో నిమ్మ ఉప్పు అని పిలుచుకునే పదార్థం, తయారు చేయించాలి, ఆ తర్వాత దాని జన్యువుల్లో తగిన మార్పు చేసి, ఆ పనిని ఇక్కడి ముడిసరుకుకు సరిపోయేలా మలచాలి.

ఉల్లిపాయ పొరల మీద మసిలాగా కనిపించే బూజు కూడా ఇదే కుటుంబానిది కదా, దానికోసం చండీగఢ్ దాకా పోవడం ఎందుకని కావలి నుంచి వచ్చే అబ్బాయి అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. ఈ జాతిలో కొన్ని రకాలు ఓక్రాటాక్సిన్, ఫ్యుమోనిసిన్ వంటి విషాలను కూడా తయారు చేస్తాయి; ఊరూ పేరూ తెలియని బూజుతో తినే పదార్థానికి సంబంధించిన పని మొదలుపెట్టకూడదు. పైగా, ఆరు నెలల తర్వాత మన ఫలితాన్ని మరొకరు సరిచూడాలంటే వాళ్లకూ అదే రకం దొరకాలి. కాటుకలాంటి దాని బీజాలు, అంటే బూజు వ్యాపించడానికి వదిలే సన్నటి రేణువులు, ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం కనుక మాస్కు లేకుండా ప్లేటు మూత తీయకూడదని ఈ రోజే గట్టిగా చెప్పాను.

జూన్ 23

ఆదివారం పొదలకూరు వెళ్లాను. పెదనాన్నకు అక్కడ మూడెకరాల నిమ్మతోట ఉంది. నా ప్రాజెక్టు సంగతి ఆయన చెవిన అప్పటికే పడింది.

“ఏమ్మా, చెట్టున కాసేదాన్ని వదిలేసి బూజుకి మేత పెడతా ఉండావంట?” అని అడిగాడు. ఆ మాటలో వెటకారం లేదు, తోట మీద బెంగ ఉంది. అందుకే కూర్చుని వివరంగా చెప్పాను. 1784లో షీలే అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఈ ఆమ్లాన్ని మొదట నిమ్మరసం నుంచే స్ఫటికాలుగా వేరు చేశాడు; ఆ తర్వాత చాలాకాలం ప్రపంచానికి నిమ్మ ఉప్పు ప్రధానంగా ఇటలీ నిమ్మతోటల నుంచే పోయింది. 1893లో వెహ్మెర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కొన్ని బూజులు చక్కెరను ఈ ఆమ్లంగా మారుస్తాయని గమనించాడు. 1917లో అమెరికాలో జేమ్స్ కరీ, ఆస్పర్‌జిల్లస్ నైగర్‌ను బాగా పుల్లగా ఉన్న చక్కెర ద్రావణంలో పెంచితే ఆమ్లం విరివిగా వస్తుందని ప్రకటించాడు. రెండేళ్లకే ఫైజర్ సంస్థ ఆ పద్ధతిలో ఉత్పత్తి ప్రారంభించింది. ఇప్పుడు ప్రపంచంలో ఏటా 20 లక్షల టన్నులకు పైగా తయారవుతున్న సిట్రిక్ ఆమ్లంలో దాదాపు అంతా బూజు చేసేదే, అందులోనూ చైనాది పెద్ద వాటా. అంటే నిమ్మకాయ ఆ పోటీ నుంచి తప్పుకుని నూరేళ్లయింది. రసంలో నూటికి ఐదారు వంతులుండే ఆమ్లం కోసం పొదలకూరు, గూడూరు మార్కెట్లలో ఎవరూ బస్తా కొనరు, కాయ కోసమే కొంటారు. ఇదంతా విన్నాక ఆయన, “అయితే మా కాయకి ఇబ్బంది లేదులే” అని ఒక సంచి నిండా కాయలు కట్టి ఇచ్చాడు.

జులై 2

గాజు గొట్టం పగలగొట్టి పొడిని బంగాళాదుంప అగర్ మీద చల్లిన ఐదో రోజుకు ప్లేటు నిండా నల్లటి బీజాలు వచ్చాయి. ముద్దకట్టకుండా ట్వీన్ 80 అనే సబ్బులాంటి పదార్థం కలిపిన నీటితో కడిగి, సూక్ష్మదర్శిని కింద గళ్ల పలక మీద లెక్కపెట్టి, మిల్లీలీటరుకు కోటి బీజాలుండేలా సర్దాము.

జులై 19

మొదటి విడత పూర్తిగా చెడింది.

నూకల దగ్గరికి పోకముందు మామూలు పంచదారతో మొదలుపెట్టాము. లీటరుకు 140 గ్రాముల పంచదార, 2.5 గ్రాముల అమ్మోనియం నైట్రేట్, 1 గ్రాము పొటాషియం ఫాస్ఫేట్, పావు గ్రాము మెగ్నీషియం సల్ఫేట్. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 3కు దించి, 250 మి.లీ. ఫ్లాస్కుల్లో 50 మి.లీ. చొప్పున పోసి, దూది బిరడాలు పెట్టి, 30 డిగ్రీల దగ్గర నిమిషానికి 200 చుట్లు తిరిగే షేకర్‌లో ఎనిమిది రోజులు ఉంచాము. పుస్తకాల్లో ఉన్న వంటకమే ఇది. మూడో రోజుకల్లా ఫ్లాస్కులు చిక్కటి రాగిజావలాగా తయారయ్యాయి. బూజు బలంగా పెరుగుతోందని అందరమూ సంతోషించాము. ఈ రోజు వడకట్టి, 1 మి.లీ. ద్రావణంలో ఫినాల్ఫ్తలీన్ చుక్క వేసి బ్యూరెట్ తిప్పితే, 1.3 మి.లీ. క్షారానికే గులాబి రంగు వచ్చి నిలిచిపోయింది. డెసినార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ 1 మి.లీ. 6.4 మిల్లీగ్రాముల సిట్రిక్ ఆమ్లానికి సమానం కనుక, లీటరుకు 8 గ్రాములు కూడా దాటీ దాటకుండా వచ్చిందన్నమాట. పంచదార అంతా బూజు ఒంటికే పట్టింది.

జులై 24

తప్పు నాది. డిస్టిల్లేషన్ యూనిట్ మరమ్మతులో ఉన్నందువల్ల, పిల్లలు తాగే ఫిల్టరు నీళ్లతోనే ద్రావణాలు కలపమని నేనే చెప్పాను. అది కళాశాల బోరు నుంచి వచ్చే నీరు. తాగడానికి మంచిదైనప్పుడు బూజుకు పనికిరాకపోవడమేమిటని అనుకున్నాను. కరీ కాలం నుంచీ ఈ పరిశ్రమకు తెలిసిన విషయమే నేను మరిచిపోయాను.

సిట్రిక్ ఆమ్లం తయారు చేయడం బూజుకు సహజంగా ఇష్టమైన పని కాదు. చక్కెర విపరీతంగా ఉండి, పీహెచ్ 3కు దిగువన ఉండి, గాలి ధారాళంగా అందుతూ, అదే సమయంలో మాంగనీసు దాదాపు లేకుండా ఉంటేనే అది పెరుగుదల మానుకుని ఆమ్లం కక్కుతుంది. ఆ మాంగనీసు హద్దు లీటరుకు సుమారు 5 మైక్రోగ్రాములు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 మాంగనీసును లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాకా అనుమతిస్తుంది, అంటే 100 మైక్రోగ్రాములు. కాబట్టి అన్ని విధాలా తాగదగిన నీటిలోనే బూజు హద్దుకు 20 రెట్ల మాంగనీసు ఉండవచ్చు. ఆ నీటిని తప్పుపట్టడానికేమీ లేదు. అది మనుషుల కోసం కొలిచిన నీరు.

అంత కొంచెం లోహం అంత పని ఎలా చేస్తుందన్నదానికి శాస్త్రజ్ఞులు చెప్పే వివరణల్లో నాకు బాగా అర్థమైనది ఇది. మాంగనీసు కరువైతే కణంలో మాంసకృత్తులు విరిగిపోవడం ఎక్కువై అమ్మోనియం పేరుకుంటుంది. మామూలుగా సిట్రిక్ ఆమ్లం పెరిగిన కొద్దీ అదే చక్కెరను విడగొట్టే ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైమును ఆపేస్తుంది. పేరుకున్న అమ్మోనియం ఆ అడ్డును తొలగిస్తుంది. పంట కాలువకు తూము తెరిచినట్టు చక్కెర ఆగకుండా ప్రవహిస్తుంది. మాంగనీసు అందిన కణంలో ఆ తూము సగం మూసుకుపోతుంది.

ఆగస్టు 14

యూనిట్ బాగయింది. గాజుసామానంతా పది శాతం నైట్రిక్ ఆమ్లంలో ఒక రాత్రి నానబెట్టి, రెండుసార్లు స్వేదనం చేసిన నీటితో కడిగి, ఈసారి రెండు వరుసలు పెట్టాము: ఒకదానికి స్వేదనజలం, ఒకదానికి బోరు నీరు. మిగిలినదంతా ఒకటే. బోరు నీటిని పరీక్షకు పంపితే మాంగనీసు లీటరుకు 80 మైక్రోగ్రాములని వచ్చింది.

తేడాను కొలవడానికి బ్యూరెట్ దాకా పోనవసరం లేకపోయింది. అల్లూరు నుంచి వచ్చే అమ్మాయి నాలుగో రోజు ఉదయం ఫ్లాస్కును కిటికీ వెలుతురుకు ఎత్తి, “మేడమ్, ఇది సగ్గుబియ్యంలాగా ఉంది చూడండి” అని పిలిచింది. నిజంగానే స్వేదనజలపు ఫ్లాస్కులో తేటగా ఉన్న ద్రవంలో నానిన సగ్గుబియ్యంలాంటి గుండ్రటి తెల్లటి ఉండలు, షేకర్ ఆపగానే ఒక్కొక్కటిగా అడుగుకు దిగుతున్నాయి. పక్కనే బోరు నీటి ఫ్లాస్కులో మళ్లీ అదే జావ, ఒంపితే పాయలు పాయలుగా జారుతోంది. ఒక ఉండను నలిపి సూక్ష్మదర్శిని కింద చూస్తే, పొడవుగా సాగవలసిన పోగులు పొట్టిగా, మొద్దుగా, అక్కడక్కడా ఉబ్బి, దగ్గర దగ్గరగా కొమ్మలు వేసి ఉన్నాయి. మాంగనీసు లేకపోతే కణకవచం అల్లిక మారుతుందని చదివినది కళ్లెదుట కనిపించింది. ఇక నుంచి ఉండలు కనిపించని ఫ్లాస్కుకు క్షారం వృథా చేయవద్దని నియమం పెట్టుకున్నాము.

ఎనిమిదో రోజు స్వేదనజలపు ఫ్లాస్కులో 1 మి.లీ.కి 8.6 మి.లీ. క్షారం పట్టింది, అంటే లీటరుకు సుమారు 55 గ్రాములు. సిద్ధాంతం ప్రకారం 1 గ్రాము గ్లూకోజు నుంచి 1.07 గ్రాముల ఆమ్లం రావచ్చు. వేసినదానికన్నా వచ్చేది ఎక్కువేమిటని పిల్లలు ఆశ్చర్యపోయారు. బూజు గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకోవడంతోపాటు, తాను వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి అణువులో అతుక్కుంటుంది కనుక ఆ బరువు పెరుగుతుంది. దానితో పోలిస్తే మాది మూడో వంతుకు కొంచెం పైన. షేకర్ ఫ్లాస్కుకు ఇది గౌరవప్రదమైన అంకె అని నా అభిప్రాయం.

సెప్టెంబరు 11

నూకలు వచ్చాయి. మిల్లు నుంచి తెచ్చిన పది కిలోల్లో తవుడు పొడి బాగా అంటి ఉంది, దాన్ని చెరిగి తీసేయడానికే సగం రోజు పట్టింది. పిండి కొట్టి, నీళ్లలో కలిపి, 90 డిగ్రీల దగ్గర ఆల్ఫా అమైలేజ్ వేసి ఉడికించగానే గరిటె తిరగనంత చిక్కగా ఉన్న గంజి ఇరవై నిమిషాల్లో పలచని నీళ్లలాగా మారడం ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టదు. తర్వాత 60 డిగ్రీల దగ్గర గ్లూకోఅమైలేజ్ ఒక రాత్రి పనిచేస్తే తియ్యటి పానకం తయారు. ఆ గ్లూకోఅమైలేజ్‌ను కూడా పరిశ్రమలో ఆస్పర్‌జిల్లస్ నైగర్ చేతే చేయిస్తారు.

పానకం బాగున్నా, లెక్క మాత్రం భయపెట్టింది. పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకు సుమారు 1 మిల్లీగ్రాము మాంగనీసు ఉంటుంది. తవుడులో అంతకు ఎన్నో రెట్లు. లీటరుకు 150 గ్రాముల బియ్యం వాడితే అందులోనే 1.5 మిల్లీగ్రాములు, అంటే బూజు హద్దుకు 300 రెట్లు. బోరు నీటి గొడవ దీని ముందు చాలా చిన్నది. నీటిని మార్చుకోవచ్చు గాని, బియ్యంలోని లోహాన్ని ఏమి చేయాలి?

సెప్టెంబరు 30

రెండు దారులు ప్రయత్నించాము. మొదటిది చెరకు మడ్డితో పనిచేసే కర్మాగారాల పాత పద్ధతి: పొటాషియం ఫెర్రోసయనైడ్ కలిపితే లోహాలు అవక్షేపంగా దిగిపోతాయి. కలిపిన నిమిషానికే పానకం నీలిమందు కలిపిన చాకలి తొట్టిలాగా అయింది. అది ఇనుముతో కలిసి ఏర్పడే ప్రష్యన్ నీలం. కాని మోతాదు కొంచెం ఎక్కువైతే బూజే మొలకెత్తదు, తక్కువైతే మాంగనీసు మిగిలిపోతుంది. పైగా వేడిలో ఘాటు ఆమ్లం తగిలితే ఆ లవణం నుంచి విషవాయువు పుడుతుంది. విద్యార్థులు చేసే ప్రయోగశాలలో ఆ పని కొనసాగించడం నాకు ఇష్టం లేక ఆపేశాను.

రెండోది కేటయాన్ మార్పిడి రెజిన్. గాజు స్తంభంలో తేనెరంగు పూసల మీదుగా పానకాన్ని చుక్కలు చుక్కలుగా దింపితే లోహాలు పూసలకు అంటుకుని, తేట పానకం కిందికి వస్తుంది. దానిలో సగ్గుబియ్యం ఉండలు చక్కగా వచ్చాయి, 1 మి.లీ.కి 7 మి.లీ. క్షారం కూడా పట్టింది. అంటే మా నూకలకు నిమ్మ ఉప్పు అయ్యే యోగ్యత ఉన్నట్టు రుజువైంది. కాని ప్రతి రెండు లీటర్లకూ రెజిన్‌ను ఆమ్లంతో కడిగి బతికించాలి, ఆ కడిగిన ఆమ్లాన్ని మళ్లీ సున్నంతో శాంతింపజేసి పారబోయాలి. ఒక చిన్న మిల్లు పక్కన నడవాలనుకునే పద్ధతికి ఇది పెద్ద బరువు.

అక్టోబరు 17

నాలుగు రోజులుగా వాన. నిన్న రాత్రి కరెంటు పోయి షేకర్ ముప్పావు గంట ఆగింది. జనరేటరు మీద ఫ్రిజ్ ఉంది గాని షేకర్ లేదు. ఈ ఉదయం ఉండలు యథాప్రకారం తెల్లగా, ఆరోగ్యంగా కనిపిస్తున్నాయి. అయినా ఐదో రోజు అంకె దగ్గరే ఆమ్లం ఆగిపోయింది. గాలి కాసేపు ఆగితే బూజు చావదు, పెరుగుతూనే ఉంటుంది, ఆమ్లం చేసే గుణం మాత్రం తిరిగి రాదని చదివి ఉన్నాను. ఆ కాసేపట్లో శ్వాసకు సంబంధించిన ఒక ప్రత్యేక మార్గం దెబ్బతినడమే కారణమని చెబుతారు. ఎనిమిది ఫ్లాస్కులూ పారబోశాము. షేకర్‌ను యూపీఎస్ మీదికి మార్చాము.

నవంబరు 8

ఇన్నాళ్లుగా నా మనసులో ఉన్న జన్యు ప్రణాళిక వేరు. ఆమ్లాన్ని కణం నుంచి బయటికి తోసే ద్వారం ఒకటుంది, దాన్ని సీఈఎక్స్‌ఏ అంటారు. 2019లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞులు ఆ జన్యువును తొలగిస్తే సిట్రిక్ ఆమ్లం బయటికి రాదనీ, దాని మోతాదు పెంచితే రావడం బాగా పెరుగుతుందనీ చూపించారు. ఆ జన్యువునే ఎక్కువ చేద్దామనుకున్నాను. కాని సెప్టెంబరు లెక్క తర్వాత ఆలోచన మారింది. మా కష్టం ద్వారం ఇరుకు కావడం వల్ల వచ్చింది కాదు, లోహం వల్ల వచ్చింది. మాంగనీసు ఉన్నా లెక్కచేయని బూజు మాకు కావాలి.

అటువంటిదానికి ఆధారం పాత సాహిత్యంలోనే దొరికింది. ఈ బూజు పీహెచ్ 5, 6 ప్రాంతంలో సిట్రిక్‌కు బదులు ఆక్సాలిక్ ఆమ్లం చేస్తుంది. ఆక్సలోఅసిటేట్‌ను నీటితో చీల్చి ఆక్సాలేట్, అసిటేట్‌లుగా విడగొట్టే ఎంజైము దానికి మూలం. దాని జన్యువు పేరు ఓఏహెచ్‌ఏ. 1999లో నెదర్లాండ్స్ పరిశోధకులు, ఆక్సాలేట్ చేయలేని ఒక ఉత్పరివర్తిత రకం పీహెచ్ 5 దగ్గర కూడా, మాంగనీసు ఉన్నప్పటికీ, సిట్రిక్ ఆమ్లం చేస్తుందని ప్రకటించారు. గ్లూకోజును గ్లూకోనిక్ ఆమ్లంగా మార్చే గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైము కూడా ఆ రకంలో లేదు. ఆ వ్యాసాన్ని ఇదివరకు రెండుసార్లు చదివాను. నూకల్లోని మాంగనీసుతో నెల రోజులు పెనుగులాడిన తర్వాత చదివితే అది మాకోసమే రాసినట్టు అనిపించింది. మా బూజులోనూ ఓఏహెచ్‌ఏను తీసేయాలని నిర్ణయించుకున్నాము.

పీహెచ్ 5 దగ్గర పనిచేయడంలో నష్టాలు లేకపోలేదు. పుల్లటి ద్రావణంలో బతకలేని బాక్టీరియా అక్కడ సులువుగా చొరబడుతుంది. వచ్చిన ఆమ్లానికి క్షారం పోస్తూ ఉండాలి కనుక చివరికి చేతికందేది సిట్రేట్ లవణం. ఈ రెండింటినీ భరించి రెజిన్ బాధ తప్పించుకోవడం లాభమా అన్నది కొలిచి చూడవలసిన విషయం.

నవంబరు 29

1989 నియమావళి ప్రకారం జన్యుమార్పిడి పని ఏదైనా సంస్థ స్థాయి జీవభద్రతా సంఘం ముందుకు పోవాలి. మా దరఖాస్తుకు ఆమోదం వచ్చింది. వాడిన ప్రతి ప్లేటూ ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్‌లో పడ్డాకే బయటికి పోవాలి, బీజాలు లేచే దశలో ప్లేట్లు తెరిచే పని భద్రతా క్యాబినెట్‌లోనే జరగాలి అన్న షరతులు న్యాయమైనవే.

డిసెంబరు 20

మార్పు జరిగిన కణాన్ని మార్పు జరగనివాటి నుంచి ఏరడానికి మొదట ఒక లోపం సృష్టించుకోవాలి. పైర్‌జీ అనే జన్యువు చెడిన బూజు యూరిడిన్ అనే పోషకం అందిస్తే తప్ప బతకదు; అలాంటిదే ఫైవ్ ఫ్లోరో ఒరోటిక్ ఆమ్లం ఉన్న ప్లేటు మీద బతుకుతుంది, మామూలుది ఆ రసాయనాన్ని విషంగా మార్చుకుని చస్తుంది. ఆ ప్లేట్ల మీద సహజంగా మొలిచిన ఆరు కాలనీల్లో రెండింటికి మాకు కావలసిన లోపం ఉంది.

జనవరి 23

సంక్రాంతి సెలవులు కలుపుకుని మూడు వారాల్లో ఇది మూడో ప్రయత్నం. మొదటి రెండూ చెడిపోవడానికి కారణం అతి చిన్నది. జన్యువును లోపలికి పంపాలంటే బూజు గోడను ఎంజైములతో కరిగించి, లోపలి కణాన్ని ప్రోటోప్లాస్టుగా బయటికి తీయాలి. గోడ లేని ఆ కణం చుట్టూ 1.2 మోలార్ సార్బిటాల్ ఉంటేనే నిలుస్తుంది. గాఢత తగ్గితే నీళ్లు పీల్చుకుని పగులుతుంది. మేము సార్బిటాల్‌ను నీటిలో కరిగించి ఆటోక్లేవ్‌లో పెట్టాము. అక్కడ కొంత నీరు చేరి పలచబడింది. ఈసారి ఆటోక్లేవ్‌కు బదులు ఫిల్టరుతో శుద్ధి చేశాము.

మూడో గంటకు సూక్ష్మదర్శినిలో చూసిన దృశ్యం రాయకుండా ఉండలేను. గాజు కడ్డీలాంటి పోగు చివర గోడ పలచబడి, అందులోంచి చిన్న నీటిబుడగలాంటి గుండ్రటి కణం మెల్లగా ఉబ్బుతూ బయటికి వచ్చి, ఒక్క క్షణం ఆగి, విడిపోయి తేలిపోయింది. దాని వెనక ఇంకొకటి వచ్చింది. కావలి అబ్బాయి ఐపీస్ దగ్గర నుంచి కదలలేదు. ఆ కణాలకు డీఎన్‌ఏను కోసే క్యాస్9 ఎంజైమునూ, ఓఏహెచ్‌ఏ జన్యువు చిరునామా చెప్పే గైడ్ ఆర్‌ఎన్‌ఏనూ, తెగిన చోట అతకవలసిన డీఎన్‌ఏ ముక్కనూ కలిపి, కాల్షియం క్లోరైడ్, పాలీఇథిలీన్ గ్లైకాల్ వేశాము. ఆ ముక్క మధ్యలో ఆస్పర్‌జిల్లస్ నిడులాన్స్ అనే మరో బూజు నుంచి తీసుకున్న పైర్‌జీ ఉంది, కనుక అది అందిన కణమే యూరిడిన్ లేకుండా బతుకుతుంది. ఈ బూజు జన్యుపటం 2007లోనే ప్రచురితమైనందువల్ల గైడ్‌ను రాసుకోవడం ఒక సాయంత్రపు పని అయింది.

ఫిబ్రవరి 12

యూరిడిన్ లేని ప్లేట్ల మీద 11 కాలనీలు మొలిచాయి. ఎంచుకున్న డీఎన్‌ఏ భాగాన్ని పెంచి చూపే పీసీఆర్ పరీక్షలో రెండింటికే సరైన కొలతలో పట్టీ వచ్చింది. మిగిలిన తొమ్మిదింటిలో ముక్క ఎక్కడో అడ్డదిడ్డంగా అతుక్కుంది. ఈ బూజులో అది మామూలే. ఆ రెండింటిలో ఒకదానికి పాత పట్టీ కూడా మసకగా కనిపించింది. ప్రోటోప్లాస్టులో ఒకటికి మించి కేంద్రకాలుంటాయి కనుక మారినవీ మారనివీ ఒకే పోగులో కలిసి కాపురం చేస్తాయి. బీజంలో మాత్రం సాధారణంగా ఒకటో రెండో కేంద్రకాలే ఉంటాయి. అందుకే ఒంటి బీజం నుంచి మళ్లీ మళ్లీ కాలనీలు తీస్తున్నాము.

మార్చి 6

మూడుసార్లు ఒంటి బీజం దశ దాటిన కాలనీని ఏడో నంబరు అని పిలుస్తున్నాము. దాన్నీ, మార్చని తల్లి రకాన్నీ పక్కపక్కన బోరు నీళ్లలో, రెజిన్ తాకని నూకల పానకంలో పెట్టాము. పీహెచ్ 5 దగ్గర నిలపడానికి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి శుద్ధి చేసిన క్షారం చుక్కలు వేశాము. ఆరు రోజులు ఆ పనిని అల్లూరు అమ్మాయి ఒక్కపూట కూడా తప్పించలేదు.

ఇన్ని ఆమ్లాలు కలిసి ఉండే అవకాశం ఉన్నప్పుడు బ్యూరెట్ అంకె ఏ ఆమ్లమో చెప్పదు. పాత రసాయన పరీక్ష ఒకటి ఉంది. అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో కాల్షియం క్లోరైడ్ వేస్తే ఆక్సాలేట్ చల్లగా ఉండగానే తెల్లగా దిగుతుంది. సిట్రేట్ అలా కాదు. తటస్థం చేసిన ద్రావణంలో చల్లగా ఉన్నంతసేపు కరిగే ఉండి, మరిగిస్తే కాల్షియం సిట్రేట్‌గా విరుగుతుంది.

తల్లి రకం గొట్టంలో అసిటిక్ ఆమ్లం, కాల్షియం క్లోరైడ్ పడగానే పాలు విరిగినట్టయి, పది నిమిషాల్లో అడుగున సున్నంలాంటి పొర నిలిచింది. ఏడో నంబరు గొట్టం తేటగానే ఉంది. అరగంట చూశాము, అలాగే ఉంది. తర్వాత ఏడో నంబరు ద్రవాన్నే వేరే గొట్టంలో తటస్థం చేసి, కాల్షియం వేసి, మరిగే నీళ్లలో నిలబెట్టాము. రెండు నిమిషాలకు మంచు పట్టిన అద్దంలాగా మసకబారి, తర్వాత తెల్లటి రవ్వలు తిరగడం మొదలైంది. ఫాస్ఫేట్ కూడా ఇలాగే మోసం చేయవచ్చునని బూజు వేయని పానకానికీ అదే పరీక్ష చేశాము. దానిలో రవ్వలు రాలేదు.

మార్చి 9

పిరిడీన్, అసిటిక్ ఆన్‌హైడ్రైడ్‌లతో రంగు తెప్పించి 420 నానోమీటర్ల దగ్గర కొలిచే పద్ధతిలో ఏడో నంబరులో సిట్రిక్ ఆమ్లం లీటరుకు 19 గ్రాములని వచ్చింది. బ్యూరెట్ లెక్కనూ, పీహెచ్ నిలపడానికి పోసిన క్షారాన్నీ కలిపి చూస్తే మొత్తం ఆమ్లం దానికి రెండింతలకు పైగా ఉంది. మిగిలినది గ్లూకోనిక్ ఆమ్లమే అయి ఉండాలని నా అంచనా. పంచదార వాడితే అందులో సగం ఫ్రక్టోజు కనుక గ్లూకోజ్ ఆక్సిడేజ్‌కు దొరికే మేత సగమే. నూకల పానకం పూర్తిగా గ్లూకోజే కావడంతో ఆ ఎంజైముకు విందు దొరికింది. పీహెచ్ 3 దగ్గర అది పనిచేయలేదు కాబట్టి ఇంతకాలం మాకు ఎదురుపడలేదు. 1999 నాటి రకంలో ఆ ఎంజైము కూడా ఎందుకు లేకుండా చూసుకున్నారో ఇప్పుడు చేతులతో తెలుసుకున్నాము.

రెజిన్ తాకని పానకంలో, బోరు నీటిలో, ఇంత మాంగనీసు మధ్య లీటరుకు 19 గ్రాములు రావడం చిన్న విషయం కాదు. అదే నీటిలో, పంచదారతోనే, జులైలో మాకు వచ్చినది 8. అయినా రెండు విడతల్లో పీహెచ్, మేత రెండూ వేరు కనుక ఈ రెండంకెలను నేరుగా పక్కపక్కన పెట్టి గొప్ప చెప్పుకోకూడదని పిల్లలకు చెప్పాను. నమూనాలను, కలిసి ఉన్న పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఉన్న ప్రయోగశాలకు పంపుతున్నాము. సిట్రిక్, గ్లూకోనిక్, ఆక్సాలిక్ మూడింటి విడివిడి అంకెలు వస్తేనే పై అంచనా నిలుస్తుందో లేదో తెలుస్తుంది.

ఈలోపు చేయవలసినది స్పష్టంగానే ఉంది. ఏడో నంబరులో మిగిలిన గ్లూకోజ్ ఆక్సిడేజ్ జన్యువును తీయాలి. పైర్‌జీ గుర్తును ఒకసారి వాడేశాము కనుక ఈసారి గుర్తుగా, హైగ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు పెట్టుకోవాలి. ఆ మార్పుకు కూడా జీవభద్రతా సంఘానికి అనుబంధ దరఖాస్తు ఈ మధ్యాహ్నమే రాసి ఇచ్చాను. దాంతోపాటు ఏడో నంబరును పీహెచ్ 3 దగ్గర కూడా బోరు నీళ్లలో పెట్టి చూడాలి, అక్కడ కూడా మాంగనీసును ఓర్చుకుంటే క్షారం ఖర్చు తప్పుతుంది. ఎండలు ముదిరితే గది ఏసీ ఇంక్యుబేటర్‌ను 30 డిగ్రీల దగ్గర నిలపలేదు కనుక ఏప్రిల్ రెండో వారంలోగా ఈ విడత పూర్తి కావాలి. సాయంత్రం ఆరున్నరకు పన్నెండు ఫ్లాస్కులు షేకర్ ఎక్కాయి, ఆరు పీహెచ్ 3, ఆరు పీహెచ్ 5; మొదటి క్షారం చుక్క రేపు ఉదయం ఎనిమిదికి.